పారమీషియం ఫోటోలన్నీ సాగినట్టు వస్తుంటే

మైక్రోస్కోప్‌లో తీసిన పారమీషియం (నీటిలో ఉండే ఏకకణ జీవి) ఫోటోలు సాగినట్టు వస్తున్నాయి, కెమెరా మార్చాలా అని అడిగారు కదా, అక్కర్లేదండి. పారమీషియం సెకనుకి దాదాపు 1 మిల్లీమీటరు ఈదుతుంది, మీరు పెట్టిన 1/60 సెకను షట్టర్‌లో అది దాదాపు 17 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జరిగిపోతుంది, ఇంక షార్ప్‌గా ఎలా వస్తుంది చెప్పండి! ముందు దాన్ని నెమ్మదింపజేయాలి. కవర్‌స్లిప్ (నీటి చుక్క మీద కప్పే పల్చటి గాజు ముక్క) అంచుకి టిష్యూ పేపర్ ముక్క ఆనించి నీళ్లు కొంచెం కొంచెంగా లాగేయండి, నీటి పొర పల్చబడేకొద్దీ అది ఇరుక్కుని స్పీడ్ తగ్గుతుంది, కానీ మరీ లాగేస్తే నలిగి పగిలిపోతుంది కాబట్టి ఐపీస్‌లో చూస్తూనే చేయండి. దూది పోగులు రెండుమూడు వేసినా వాటి మధ్యే తిరుగుతూ ఉంటుంది. నీటిని చిక్కబరిచే మిథైల్ సెల్యులోజ్ కూడా వాడతారు గానీ నాకైతే టిష్యూనే ఈజీ. తర్వాత లైట్ పెంచి షట్టర్‌ని 1/500 సెకను కంటే వేగంగా పెట్టండి, ఐఎస్‌వో (కెమెరా లైట్ సెన్సిటివిటీ) పెరిగి కాస్త గ్రెయిన్ వచ్చినా పర్లేదు.