కెమెరా కొనబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు పంపిన కెమెరాల లిస్టు చూశాను. మెగాపిక్సెల్స్ ఎన్ని, సెకనుకు ఎన్ని ఫ్రేములు, వీడియో 4కెనా కాదా అని గడులు గీసి మరీ రాశావు. లెక్కలు రాయడంలో అచ్చం మీ అమ్మ పోలికే. అయితే పేపర్లో చేరి వార్తా ఫొటోలు తీస్తానంటున్నావు కాబట్టి ఆ గడుల్లో లేని సంగతి ఒకటి చెప్తాను. వార్తా ఫొటోలో సగం పని కెమెరాది, మిగతా సగం దాని కింద రాసే రెండు వాక్యాలది. ఎదుటి మనిషి బెదిరిపోకుండా, పేరు అడిగేంత దగ్గరికి నిన్ను వెళ్లనిచ్చే కెమెరా ఏదో అది కొనుక్కో.

ముందు మెగాపిక్సెల్స్ లెక్క తేల్చేద్దాం. 24 మెగాపిక్సెల్స్ అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున మంచి మ్యాగజైన్ ప్రింట్ వేసినా 20 అంగుళాల వెడల్పు వస్తుంది. పేపర్లో మూడు కాలమ్‌ల ఫొటో ఐదంగుళాల వెడల్పు ఉంటే గొప్ప. నీ లిస్టులో 45 మెగాపిక్సెల్స్ బాడీకి (లెన్సు కాకుండా కెమెరా ఒక్కదానికి) అంత డబ్బు పోయడం దండగ. పైగా ఆ ఫైళ్లు మోయడానికి హార్డ్ డిస్కులు కొనాలి, సాయంత్రం డెడ్‌లైన్ ముందు ఫోన్ డేటాతో ఆఫీసులో పేజీలు తయారుచేసే డెస్క్‌కి పంపాలి. 1948 జనవరి 30 రాత్రి ఢిల్లీ బిర్లా హౌస్ గేటు దగ్గర, గాంధీ పోయారని నెహ్రూ జనానికి చెబుతుండగా ఫ్రాన్స్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసాన్ తీసిన ఫొటో చూశావా? అంతా చీకటి, బొమ్మ కాస్త కదిలింది కూడా. అయినా ఇన్నేళ్లుగా అచ్చవుతూనే ఉంది.

నీ దగ్గరున్న 60 వేలకి నేనైతే సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి7200 వెతుకుతాను. 2015లో వచ్చిన బాడీ, నీకది పాతకాలం సరుకులా కనిపిస్తుందని తెలుసు. దానిమీద నాకు గురి ఎందుకంటే, రెండు కార్డులు పడతాయి. ఒకదానికి రాసింది రెండోదానికీ రాస్తుంది కాబట్టి, కార్డు పాడైతే ఆ రోజు పని మొత్తం పోయే బాధ ఉండదు. ఇంకోటి, ఆటోఫోకస్ మోటారు బాడీలోనే ఉంది. తక్కువ ధరకి దొరికే పాత ‘డి’ రకం 50 ఎంఎం లెన్సు పెట్టినా ఫోకస్ తనే చేసుకుంటుంది. అదే కంపెనీవే అయినా డి3500, డి5600 లాంటి చిన్న బాడీల మీద ఆ లెన్సు చేత్తో తిప్పుకోవాల్సిందే.

మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా, వద్దంటావా అని అడుగుతావు. వద్దనను. కొత్తగా వస్తున్నవన్నీ దాదాపు అవే. చప్పుడు లేకుండా తీయగలగడం నిజంగా గొప్ప సౌకర్యం. చావింట్లో, కోర్టు ఆవరణలో, పసిపిల్ల నిద్రపోతున్న గదిలో అద్దం ఎగిరిపడే ‘టక్’మన్న చప్పుడు నీకే సిగ్గనిపిస్తుంది. ఒక్క ఇబ్బంది, ట్యూబులైట్లు, స్టేజీ ఎల్‌ఈడీల కింద సైలెంట్ షట్టర్ వాడితే చాలా బాడీల్లో ఫొటో మీద అడ్డచారలు పడతాయి. అక్కడ మామూలు షట్టర్‌కి మారి వేగం 1/100 సెకను దగ్గర పెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. నీ బడ్జెట్‌లో కొత్త మిర్రర్‌లెస్ కొంటే లెన్సుకి డబ్బు మిగలదు. నా అభ్యంతరమంతా అదే. బాడీ నాలుగేళ్లకు మారుస్తావు, మంచి లెన్సు ఇరవై ఏళ్లు ఉంటుంది.

మొదటి ఏడాది 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు ఒక్కటి చాలు. డి7200 సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు) కంటే చిన్నది కాబట్టి 35ని ఒకటిన్నరతో హెచ్చించు, 50 ఎంఎం లెన్సు చూపు దగ్గరికి వస్తుంది. బ్రెసాన్ ఎక్కువగా వాడింది ఆ 50 చూపే. జూమ్ లేదని మొదట్లో విసుక్కుంటావు. మనిషి పెద్దగా కనపడాలంటే నడిచి దగ్గరికి వెళ్లాలి, దగ్గరికి వెళ్తే నమస్కారం పెట్టాలి, మాట్లాడాలి. రోడ్డుకి అవతల నిలబడి 300 ఎంఎం లెన్సుతో లాగిన మొహం కింద పేరు రాయడం ఎలా? క్రికెట్టుకీ, లాఠీచార్జికీ పెద్ద లెన్సు కావాలి, ఒప్పుకుంటాను. ఆ రోజుకి అద్దెకి తెచ్చుకో.

పాత కెమెరా కొనేటప్పుడు షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టారో, అడుగు. డి7200 షట్టర్‌ని లక్షన్నర క్లిక్కులకు పరీక్షించామని కంపెనీయే చెప్పింది. లక్ష దాటినదైతే ధర గట్టిగా తగ్గించమను. లెన్సు రంధ్రం బాగా చిన్నదయ్యేలా ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని ఫొటో తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూడు, సెన్సర్ మీద మచ్చలుంటే బయటపడతాయి. లెన్సు లోపలికి ఫోన్ టార్చి వేసి వెనక నుంచి చూడు. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్, ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకు. కాకినాడ, విశాఖ గాలికి ఇది మామూలే. ఇంటికి తెచ్చాక బ్యాగులో మగ్గబెట్టకు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు ఉంటే చాలు. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి.

సెట్టింగులు వారం రోజుల్లో నీకే వస్తాయి. వాటి గురించి ఎక్కువ రాయను. నడిచే మనిషికి షట్టర్ వేగం 1/250 సెకను, పరిగెత్తే వాడికి 1/1000, చీకటిగా ఉంటే ఐఎస్ఓ (తక్కువ వెలుగులో ఫొటో తెల్లబరిచే సెట్టింగు) 3200కి పెంచడానికి మొహమాటపడకు. నలకలు పడిన ఫొటోని డెస్క్ వేసుకుంటుంది, కదిలిపోయిన దాన్ని పక్కన పడేస్తుంది. అలాంటప్పుడు బ్రెసాన్ పేరు చెప్పి వాళ్లతో వాదించకు.

ఇక నువ్వు ఒక్క లైనులో అడిగి వదిలేసిన సంగతి: గొప్పవాళ్ల ఫొటోలు ఎలా చూడాలి? నన్నడిగితే కెమెరా కొనేముందు రెండు నెలలు ఇదే చెయ్యి. ఫోన్లో వేలితో తోసుకుంటూ వెళ్తే కుదరదు. రోజుకి ఒక్క ఫొటో చాలు. ముందు క్యాప్షన్ మూసేసి కనబడిందంతా కాగితం మీద రాయి, తర్వాత క్యాప్షన్ చదువు. నీకు కనపడనిది అందులో ఏముందో చూడు.

దీనికి పల్లెల గురించి రాసే విలేకరి పాలగుమ్మి సాయినాథ్ ఫొటోలతో మొదలుపెట్టు. గ్రామాల్లో ఆడవాళ్ల పని మీద ఆయన తీసినవి ‘పరి’ (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, తెలుగులోనూ చదువుకోవచ్చు. వాటిలో ఒకదాంట్లో ఒక భూస్వామి తన పొలంలో దర్జాగా నిటారుగా నిలబడి ఉంటాడు. వెనక తొమ్మిది మంది ఆడవాళ్లు నడుములు వంచి నాట్లు వేస్తుంటారు. క్యాప్షన్ మూసి చూస్తే నిలువు గీత ఒకటీ, వంగిన నడుముల వరస ఒకటీ కనపడతాయి. అప్పటికే అది మంచి ఫొటో. క్యాప్షన్ తెరిస్తే, రోజుకి 40 రూపాయలు ఇస్తున్నానని ఆ ఆసామి చెప్పాడనీ, 25 ఇస్తున్నాడని ఆడవాళ్లు చెప్పారనీ ఉంటుంది. వాళ్లు ఒడిశాలోని రాయగడ నుంచి వచ్చిన భూమిలేని కూలీలు. ఆ 15 రూపాయల తేడా ఏ లెన్సుకీ దొరకదు. తర్వాత ఆడవాళ్లు చెప్తేనే దొరికింది.

దీనికి తిరగేసిన సంగతి డొరోథియా లాంజ్ ఫొటో. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠానీ కోత కూలీల శిబిరంలో తీసింది. ఒక తల్లి చెంపకి చెయ్యి ఆనించుకుని ఎటో చూస్తుంటుంది, పిల్లలు మొహాలు తిప్పుకుని ఆమె భుజాల మీద వాలి ఉంటారు. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యం అంటే చాలామందికి ఆ మొహమే గుర్తొస్తుంది. లాంజ్ ఆమె పేరు అడగలేదు. తిండికోసం కారు టైర్లు అమ్ముకున్నారని రాసుకుంది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసేసరికి 1978 వచ్చింది. ఆ ఫొటో తీయకపోయినా బాగుండేదన్నది ఆమె బాధ, తనకి పైసా రాలేదని కూడా. టైర్లు అసలు అమ్మనే లేదని కొడుకు చెప్పాడు. లాంజ్ గొప్ప ఫొటోగ్రాఫర్ కాదని నా ఉద్దేశం కాదు. అంతటి మనిషి కూడా పేరు అడక్కపోతే ఏమవుతుందో చూడమంటున్నాను. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఈ ఫొటో పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతుంది, అక్కడే తీసిన మిగతా ఫ్రేములూ ఉన్నాయి. అవన్నీ పక్కపక్కన పెట్టుకో. దూరంగా గుడారం మొత్తం కనిపించే ఫ్రేముకీ, ఈ దగ్గరి ఫ్రేముకీ మధ్య ఏవేవి బయటికి పోయాయో చూస్తే ఫ్రేమింగ్ గురించి ఏ క్లాసూ అక్కర్లేదు.

భోపాల్ ఫొటో చూడ్డానికి ధైర్యం కావాలి. చూడాలి కూడా. 1984 డిసెంబరులో గ్యాస్ లీకయ్యాక, మట్టిలో పూడుస్తున్న ఒక పసిబిడ్డ మొహాన్ని రఘు రాయ్ నలుపు తెలుపులోనూ, పాబ్లో బార్తోలోమ్యూ రంగుల్లోనూ తీశారు. ఒకే బిడ్డ, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు. పాబ్లో తీసినదానికి వరల్డ్ ప్రెస్ ఫొటో ఆ ఏడాది అత్యున్నత బహుమతి ఇచ్చింది. మన దేశంలో ఎక్కువమందికి గుర్తున్నది రఘు రాయ్‌ది. రంగు ఉంటే నీ కన్ను ముందు ఎక్కడ ఆగుతోంది, లేకపోతే ఎక్కడ ఆగుతోంది? నా ఓటు నలుపు తెలుపుకే, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. ఆ బిడ్డ ఎవరో ఎవరికీ తెలియదు. ‘గుర్తు తెలియని’ అన్న మాట అక్కడ క్యాప్షన్‌లో పెట్టక తప్పదు. మన జిల్లా పేజీల్లో ‘ఓ వృద్ధురాలు’, ‘ఓ రైతు’ అని వచ్చేవన్నీ అలాంటివి కావు, అడగడానికి బద్ధకించినవి.

హోమై వ్యారావాలా గురించి మీ కాలేజీలో చెప్పే ఉంటారు, మన దేశపు మొదటి మహిళా ఫొటో జర్నలిస్టు. మొదట్లో ఆమె తీసినవి భర్త పేరు మీద అచ్చయ్యేవి. ఫొటో కింద ఉండాల్సిన రెండో పేరు, తీసినవాళ్ల పేరు, కూడా ఇలాగే మాయమవుతుంది, జాగ్రత్త. ఎక్కడికి పంపినా ఫైల్ మెటాడేటాలో (ఫైలు లోపలే దాచి ఉండే వివరాల్లో) నీ పేరు ఉండాలి. ఆమె ఫొటోల్లో నాకు ఇష్టమైనది, విమానాశ్రయంలో ‘ఫొటోలు తీయడం నిషేధం’ అన్న బోర్డు పక్కన నెహ్రూ నిలబడి ఉన్నది. నవ్వొచ్చే వార్తా ఫొటో తీయడం ఏడుపు తెప్పించేదానికంటే కష్టం.

ఫొటోషాప్ విషయంలో నాకు చాదస్తం ఎక్కువని మీ అమ్మ చెప్పే ఉంటుంది. వెలుగు సరిచెయ్యి, అంచులు కత్తిరించు, అంతే. ఉన్నది తీసెయ్యకు, లేనిది పెట్టకు. 2006లో బీరూట్ బాంబు దాడి ఫొటోలో పొగ ఎక్కువ కనపడేలా ఒక ఫ్రీలాన్సర్ అతికిస్తే, రాయిటర్స్ వార్తాసంస్థ అతనితో తెగతెంపులు చేసుకుని, అతను అంతకుముందు ఇచ్చిన 920 ఫొటోలూ అమ్మకం నుంచి తీసేసింది. లాంజ్ కూడా ఆ తల్లి ఫొటోలో మూల కనిపించే బొటనవేలుని నెగెటివ్ మీద చెరిపించింది. అప్పట్లోనే ఆమె పై అధికారికి అది నచ్చలేదు.

పేరు రాయమని ఇంతగా చెప్పాను కదా, రాయకూడని చోట్లు కూడా తెలుసుకో. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. కేసుల్లో ఉన్న పిల్లల విషయంలో జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఉంది. మొహం మసక చేసి, వెనక ఇల్లు, స్కూలు యూనిఫాం, తల్లి మొహం వదిలేస్తే ఊరంతా గుర్తుపడుతుంది. తీసేటప్పుడే ఆలోచించు.

మీ అమ్మకి టెన్షన్ అంతా గొడవల గురించే. రాళ్లు పడేచోట జనానికీ పోలీసులకీ మధ్యలో నిలబడకు, పక్కన ఉండు, వెనక్కి వెళ్లే సందు ముందే చూసుకో. వ్యూఫైండర్లో కన్నుపెడితే పక్కనుంచి వచ్చేది కనపడదు. ఒక కన్నుతో చూస్తూ రెండో కన్ను తెరిచి ఉంచడం ఇంట్లోనే అలవాటు చేసుకో.

కెమెరా కొనేదాకా ఖాళీగా ఉండకు. ఫోన్‌తోనే మీ హాస్టల్ వంటమనిషినో, బస్టాండు ముందు టీ కొట్టు ఆవిడనో అడిగి, నాలుగు రోజులు వాళ్లతో ఉండి ఫొటోలు తియ్యి. పది ఎంచి నాకు పంపు. ఒక్కోదాని కింద పేరు, ఊరు, తేదీ, ఆ క్షణంలో ఏం జరుగుతోందో రెండు వాక్యాలు ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిపి చిన్నది చేసి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పెట్టు. డి7200 ఎక్కడైనా దొరికితే అడ్వాన్స్ ఇచ్చేముందు షట్టర్ కౌంట్ నాకు ఫోన్ చేసి చెప్పు.

నీ మామయ్య