డీఎన్‌ఏ తెగుతుందా, విడిపోతుందా?

సందేహం: పీసీఆర్ (డీఎన్‌ఏకు నకళ్లు తీసే పద్ధతి) గురించి పిల్లలకు తెలుగులో నోట్సు రాస్తున్నాను. వేడికి డీఎన్‌ఏ ‘విచ్ఛిన్నమవుతుంది’ అని ఒకచోట, ‘కరుగుతుంది’ అని ఇంకోచోట చూశాను. ఏది రాయాలి?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని

సమాధానం: ఈ సందర్భానికి రెండూ కుదరవండి. ‘వేడికి డీఎన్‌ఏ పురి వీడి, రెండు పేటలుగా విడిపోతుంది’ అని రాయండి.

ఛిన్నం అంటే తెగినది. పీసీఆర్‌లో 95 డిగ్రీల దగ్గర అర నిమిషంలో జరిగేది తెగడం కాదు. కొబ్బరి తాడు కొస పట్టుకుని పురికి ఎదురు తిప్పి చూడండి. పేటలు వేటికవి విడివడతాయి, ఒక్క పీచూ తెగదు. డీఎన్‌ఏ కూడా రెండు పేటల తాడే. పేటకూ పేటకూ మధ్య ఉన్నవి బలహీనమైన హైడ్రోజన్ బంధాలు. పేటల మీద ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రకాల బేస్‌లు (రసాయన భాగాలు) ఉంటాయి; ఏ, టీల మధ్య రెండు బంధాలు, జీ, సీల మధ్య మూడు. వేడికి ఊడేవి అవే. పేట పొడవునా ఉన్న బంధాలు గట్టివి, అవి నిలుస్తాయి. నెమ్మదిగా చల్లారిస్తే విడిపోయిన పేటలు మళ్లీ జతకడతాయి. తెగిన తాడు అలా అతుక్కోదు కదా! (‘పోగు’ అన్నా తప్పు లేదు. కానీ రెండు పేటల గొలుసు అని రోజూ అనే మనకు, పేట అనగానే పక్కన జోడు ఉందని తెలిసిపోతుంది. నాకు అదే ఇష్టం.)

ఇక ‘కరగడం’. ఇంగ్లీషులో శాస్త్రజ్ఞులు మెల్టింగ్ అనే అంటారు, వాళ్లకు చిక్కు లేదు. మనకు ఉంది. వెన్న కరగడానికీ, ఉప్పు నీళ్లలో కరగడానికీ తెలుగులో ఒకటే మాట. ట్యూబులో ఉన్న డీఎన్‌ఏ అప్పటికే నీళ్లలో కరిగి ఉంది. ‘కరిగిన డీఎన్‌ఏ కరిగింది’ అంటే పిల్లలకు కన్ఫ్యూజన్ తప్ప ఏం మిగులుతుంది? సగం డీఎన్‌ఏ విడిపోయే ఉష్ణోగ్రతను మెల్టింగ్ టెంపరేచర్ అంటారు. దాన్ని ‘విడుపు ఉష్ణోగ్రత’ అనండి, హాయిగా అర్థమవుతుంది.

విచ్ఛిన్నం అనదగ్గ చోటూ ఉంది. డీఎన్‌ఏను గంటల తరబడి మరిగిస్తే ఏ, జీలు పేట నుంచి ఊడిపోతాయి, ఆ ఖాళీల దగ్గర పేట నిజంగానే తెగుతుంది. బాగా కాలిన ఎముకల్లో ఫోరెన్సిక్ వాళ్లకు డీఎన్‌ఏ దొరికినా, చాలావరకు చిన్న చిన్న ముక్కలే. అక్కడ ‘విచ్ఛిన్నమైంది’ అని నిస్సంకోచంగా రాయండి. అలా రాసేటప్పుడు ‘విచ్చిన్నం’ అని పడకుండా చూసుకోండి. చ కింద ఉండాల్సింది ఛ వత్తు.