గృహప్రవేశానికి ముందే ఇల్లంతా నింపేయాలా?

ప్రశ్న: మేం విశాఖ మధురవాడలో రెండు పడకగదుల ఫ్లాట్ కొన్నాం. 45 లక్షల లోను, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ, నెలకి 39 వేల ఈఎంఐ. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి లక్షా పది వేలు వస్తుంది. అద్దె కాకుండా ఇంటి ఖర్చు, పాప స్కూలు, చీటీ అన్నీ కలిపి 50 వేలు. ఎఫ్‌డీలో 6.4 లక్షలున్నాయి, 2 లక్షల చీటీ ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది. మాఘమాసంలో గృహప్రవేశం. ఇంటీరియర్ వాళ్ళు వంటగది, రెండు వార్డ్‌రోబ్‌లు, హాల్లో ఫాల్స్ సీలింగ్, టీవీ యూనిట్, సోఫా, మంచాలు, డైనింగ్ టేబుల్ కలిపి 9.8 లక్షలన్నారు. బంధువులంతా వస్తారు కాబట్టి 6 లక్షలు లోను తీసుకుని ఒకేసారి చేయించేద్దామని మావారు అంటున్నారు. పర్సనల్ లోను మంచిదా, హోమ్ లోను మీద టాప్‌అప్ మంచిదా? లక్షా ఇరవై వేల రిక్లైనర్ సోఫా నో కాస్ట్ ఈఎంఐలో వస్తోంది, తీసుకోవచ్చా? మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆవిడ కూడా మాతోనే ఉంటారు. పెళ్లప్పుడు మా నాన్నగారు చేయించిన టేకు మంచం కొత్త ఇంటికి మ్యాచ్ కాదు, ఆరు వేలకి అమ్మేద్దామనుకుంటున్నాం.

జవాబు: అమ్మా, మీరు రెండు లోన్లలో ఏది మంచిదని అడిగారు, నేనైతే రెండూ వద్దంటాను. ఎందుకో మీరు రాసిన అంకెలతోనే చెప్తాను, మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

జీతాలు లక్షా పది వేలు. ఈఎంఐ 39, ఖర్చులు 50, కొత్త ఫ్లాట్‌కి మెయింటెనెన్స్ ఒక 3 వేలు వేసుకుందాం, మీరు ఉత్తరంలో అది రాయలేదు. మిగిలేది 18 వేలు. 6 లక్షల పర్సనల్ లోను 14 శాతానికి నాలుగేళ్లకి తీసుకుంటే నెలకి దాదాపు 16,400 కట్టాలి. అంటే మీ చేతిలో ఉండేది 1,600. పాపకి ఒకసారి జ్వరమొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే ఆ నెల క్రెడిట్ కార్డు తీయాల్సిందే. నాలుగేళ్లలో కట్టే వడ్డీ లక్షా 87 వేలు, దాంతో ఇంకో పడకగది పూర్తిగా అమరుతుంది. పైగా రెండు ఈఎంఐలూ కలిపితే మీ జీతాల్లో సగం దాటిపోతాయి, రేపు నిజంగా అవసరం పడి అప్పుకి వెళ్తే బ్యాంకు వాళ్ళు ముందు చూసేది అదే.

టాప్‌అప్, అంటే ఉన్న హోమ్ లోను మీదే ఇంకొంత అప్పు, దానికైతే వడ్డీ తక్కువ కదా అని మీకు అనిపించి ఉంటుంది, చాలామందికి అలాగే అనిపిస్తుంది. వడ్డీ తక్కువే, కాలమే ఎక్కువ. 6 లక్షలు 9 శాతానికి 18 ఏళ్లు పెడితే నెలకి 5,600 చిల్లరే, కట్టేటప్పుడు బరువే తెలియదు, కానీ మొత్తం కట్టేది 12 లక్షలు దాటుతుంది. ఆ సోఫా పదేళ్లు ఉంటే గొప్ప. మీ పాప డిగ్రీ అయిపోయి ఉద్యోగంలో చేరే నాటికి కూడా, ఎప్పుడో పాత సామానువాడికి ఇచ్చేసిన సోఫాకి వాయిదా కడుతూనే ఉంటారు. ఇంకోటి, హోమ్ లోను వడ్డీ మీద వచ్చే పన్ను మినహాయింపు ఇల్లు కొనడానికీ కట్టడానికీ బాగు చేయించడానికీ వాడిన డబ్బుకే, మంచాలకీ కుర్చీలకీ వాడిన డబ్బుకి రాదు. టాప్‌అప్ అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు.

ఆ కొటేషన్ ఇంకోసారి తీసి చివరి పేజీ చూడండి. 9.8 లక్షల పక్కన చిన్న అక్షరాల్లో ప్లస్ జీఎస్టీ అని ఉందా? ఉంటే 18 శాతం చొప్పున ఇంకో లక్షా 76 వేలు, మొత్తం 11.56 లక్షలు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అడ్వాన్సు ఇచ్చాకే ఈ సంగతి చూసుకున్నారు.

నో కాస్ట్ ఈఎంఐ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే పొరపడుతున్నారు. లక్షా ఇరవై వేల సోఫా, నెలకి 10 వేలు, 12 నెలలు, వడ్డీ లేదంటున్నారు. కానీ బ్యాంకు లెక్క వేరే ఉంటుంది. 16 శాతం వడ్డీ అనుకుంటే బ్యాంకు పుస్తకంలో మీ అప్పు లక్షా 10 వేల 200, వడ్డీ 9,800 దాకా. ఆ వడ్డీ మేరకు మీకు ముందే ధర తగ్గించినట్టు బిల్లులో చూపిస్తారు, అంతే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీరే కట్టాలి, అది 1,760, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. అసలు నష్టం ఇది కూడా కాదు. అదే షాపులో మొత్తం డబ్బు ఒకేసారి కడతాను, ఎంతకిస్తారని అడిగితే తగ్గించే ఆ నాలుగైదు వేలో, పది వేలో మీరు వదులుకున్నట్టు. 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు సున్నా వడ్డీ అనేదే లేదని, కార్డుల మీద ఇచ్చే ఇలాంటి పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి కస్టమరు దగ్గరే వసూలు చేస్తున్నారని బ్యాంకులకి సర్క్యులర్ రాసింది. పేరు మారిందే తప్ప డబ్బు ఊరికే ఎవరూ ఇవ్వరు.

సరే, మరి ఎలా? మీ దగ్గర డబ్బుంది, ఒకేసారి లేదు, అంతే తేడా. ఈఎంఐ, ఖర్చులు, మెయింటెనెన్స్ కలిపి మీకు నెలకి 92 వేలు కావాలి. ఇద్దరూ ఉద్యోగస్తులు కాబట్టి నాలుగు నెలలకి సరిపడా 3.7 లక్షలు ఎఫ్‌డీలోనే ఉంచండి, అది ఇంటీరియర్ డబ్బు కాదు, దాన్ని ముట్టుకోవద్దు. మిగతా 2.7 లక్షలు ఇప్పుడు వాడుకోవచ్చు. ఐదు నెలలయ్యాక చీటీ డబ్బు, కమిషన్ పోను 1.9 లక్షల దాకా వస్తుంది, తొందరపడి ఇప్పుడే తక్కువకి పాడుకోకండి, ఇంత దూరం లాగినవాళ్ళు చివరిదాకా లాగితేనే లాభం. మిగిలే 18 వేలల్లో నెలకి 10 వేలు పక్కన పెడితే ఏడాదికి 1.2 లక్షలు. మొత్తం 5.8 లక్షలు, మీరు లోను అడుగుతున్న సొమ్ముకి దగ్గర దగ్గరగా, ఒక్క రూపాయి వడ్డీ లేకుండా. చీటీ అయిపోయాక ఆ వాయిదా డబ్బు కూడా మిగులుతుంది, దాన్ని ఎఫ్‌డీలో వేసి నాలుగు నెలల నిల్వని మెల్లగా ఆరు నెలలకి పెంచుకోండి.

గృహప్రవేశం రోజుకి కావాల్సింది పొయ్యి, పాలు పొంగించడానికి గిన్నె, దేవుడి పటాలు. కుర్చీలూ బల్లలూ టెంట్ హౌస్ నుంచి అద్దెకి వస్తాయి. ఆ రోజు మీ సోఫా చూసి వెళ్లేవాళ్ళు మళ్లీ మీ ఇంటికి ఎప్పుడొస్తారో తెలియదు, మీరు మాత్రం రోజూ అందులోనే ఉంటారు. ఆరు నెలలు ఇంట్లో ఉండి చూడండి. మధ్యాహ్నం ఎండ ఏ కిటికీలోంచి పడుతుందో, గాలి ఎటు నుంచి వస్తుందో, పాప హోంవర్కు ఎక్కడ కూర్చుని రాస్తుందో తెలిసొస్తుంది. అప్పటికి కొటేషన్‌లో సగం అక్కర్లేదనిపిస్తుంది.

సౌఖ్యం విషయంలో నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. 2012లో మేం కొత్త ఫ్లాట్‌కి మారినప్పుడు 62 వేలు పెట్టి సోఫా కొన్నాం. షాపులో రెండు నిమిషాలు కూర్చుని మెత్తగా ఉందని తీసుకున్నాం. ఇంటికొచ్చాక తెలిసింది, కూర్చునే ఎత్తు అడుగుంపావు కూడా లేదు. మా అమ్మ అందులో దిగబడిపోయేది, లేవాలంటే రెండు చేతులూ పక్కన ఆనించి, ముందుకి వంగి, ఒకసారి ఆగి, మళ్లీ ప్రయత్నించేది. వారం తిరిగేసరికి బాల్కనీలోని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని సోఫా పక్కనే వేసుకుంది. ఏడేళ్లు ఆ కుర్చీలోనే కూర్చుని టీవీ చూసింది. ఆ కుర్చీ ఖరీదు 400. ఆవిడ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే మీ అత్తగారిని షాపుకి తీసుకెళ్లండి. ఆవిడ కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, కూర్చునే ఎత్తు 18 అంగుళాలుండాలి, ఇంకో అంగుళం ఎక్కువైనా పర్వాలేదు. చేతులు గట్టిగా ఉండాలి, పట్టుకుని లేవడానికి. లోతు 20 నుంచి 22 అంగుళాలు చాలు, మనలా సగటు ఎత్తున్నవాళ్లకి 24 అంగుళాల లోతైతే వీపు వెనక్కి ఆనదు. పావుగంట కూర్చోనివ్వండి, షాపువాడు ఏమీ అనుకోడు. రిక్లైనర్ కోసం లక్షా ఇరవై వేలు పెట్టే బదులు చేతులున్న ఎత్తైన చెక్క కుర్చీ ఒకటి 8 వేలకి వస్తుంది, ఆవిడకి అదే సుఖం.

ఇంకో సంగతి, ఆ రిక్లైనర్ రెక్సిన్‌దేనా? విశాఖ ఉక్కపోతలో మే నెల మధ్యాహ్నం రెక్సిన్ మీద కూర్చుంటే వీపు అంటుకుపోతుంది, తేమకి మూడు నాలుగేళ్లలో పొట్టు లేవడం కూడా మామూలే. సముద్రం పక్క ఊళ్లో గుడ్డ కవర్లున్నదీ, కవర్లు విప్పి ఉతుక్కునేదీ తీసుకోవాలి. లేదంటే కేన్ కుర్చీలు, గాలి ఆడుతుంది, తేలిగ్గా ఉంటాయి. పూర్తిగా వెదురుతోనో కేన్‌తోనో చేసిన ఫర్నిచర్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది కూడా. దిండ్లలో ఫోమ్ 40 డెన్సిటీ అడగండి, 32 కంటే తక్కువైతే ఏడాదిలో గుంట పడుతుంది.

డబ్బు ధారాళంగా పెట్టాల్సింది పరుపు మీద. 25 వేల పరుపు ఎనిమిదేళ్లు వస్తే రాత్రికి తొమ్మిది రూపాయలు కూడా పడదు, రోజూ ఏడెనిమిది గంటలు దాని మీదే ఉంటారు. మంచానికి మాత్రం కొత్తగా ఖర్చు వద్దు. పెళ్లప్పుడు మీ నాన్నగారు చేయించిన టేకు మంచం కొత్త ఇంటికి మ్యాచ్ కాదని ఆరు వేలకి అమ్మేస్తామని చివర్లో రాశారు కదా, దయచేసి అమ్మకండి. అమ్మితే పన్ను ఏమీ పడదు, ఇంట్లో వాడుకునే సామాను మీద మూలధన లాభం లెక్క రాదు, అది వేరే సంగతి. అసలు టేకుతో అలాంటి మంచం ఇప్పుడు చేయించాలంటే ఎంతవుతుందో ఒక వడ్రంగిని అడగండి. పాలిష్ పెట్టించి కీళ్లు బిగిస్తే ఏడెనిమిది వేలతో ఇంకో ముప్పై ఏళ్లు ఉంటుంది. కొత్త మంచం కొన్నా ముందు గదిలో సుద్దముక్కతో కొలత గీయండి. పది అడుగుల గదిలో ఆరడుగుల మంచం, పక్కన రెండడుగుల వార్డ్‌రోబ్ పెడితే మిగిలేది రెండడుగులే, వార్డ్‌రోబ్ తలుపు తెరవడానికే చోటుండదు.

ఈ 2.7 లక్షల్లో వంటగది కింది అరలకి లక్షా పది వేలు, ఒక వార్డ్‌రోబ్‌కి 55 వేలు, పరుపుకి 25, అత్తగారి కుర్చీకి 8, కర్టెన్లకీ లైట్లకీ 30. అటూ ఇటూ అయినా 40 వేల దాకా చేతిలో ఉంటుంది, రవాణాకీ మేస్త్రీ కూలికీ అది కావాలి. చీటీ డబ్బు వచ్చాక సోఫా, రెండో వార్డ్‌రోబ్. ఫాల్స్ సీలింగ్ అసలు తీసేయండి. టీవీ గోడకి బిగిస్తే చాలు.

అలంకరణకి మన రాష్ట్రంలోనే బోలెడు ఉన్నాయి. ఏటికొప్పాక మీకు కారులో రెండు గంటల దారి. అంకుడు కర్రకి లక్క రంగులు పూసి చేసిన బొమ్మలు షోకేసుకే కాదు, పాప ఆడుకోవడానికీ బాగుంటాయి. కృష్ణా జిల్లా పెడన కలంకారీ గుడ్డతో కర్టెన్లు కుట్టించుకోవచ్చు, శ్రీకాకుళం వైపు వెళ్తే బుడితి ఇత్తడి చెంబో కూజానో తెచ్చుకోవచ్చు. ఏడాదికొకటి కొనుక్కున్నా ఇల్లు మెల్లగా మీ ఇల్లులా అవుతుంది.

వంటగదిలో మాత్రం చౌకకి వెళ్లొద్దు. మొన్న ఒకరింట్లో సింకు కింద అర తీసి చూశాను, బయట లామినేట్ అద్దంలా మెరుస్తోంది, అడుగున వేలు పెట్టి నొక్కితే తడిసిన అటుకుల్లా పొట్టు రాలింది. పార్టికల్ బోర్డు, రెండేళ్లే అయింది. సింకు దగ్గరా, నేల తుడిచే నీళ్లు తగిలే చోటా నీటిని తట్టుకునే ప్లైవుడ్ కావాలి, దాని మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది. అరల తలుపులకి వేసే మామూలు ఇనుప కబ్జాలు సముద్రపు గాలికి త్వరగా తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. కొటేషన్‌లో వంటగది పేజీలో ఏ ప్లైవుడ్ అని రాశారో, కబ్జాలు ఏ రకమో, జీఎస్టీ కలిపారో లేదో చూసి నాకు రాయండి. అది చూశాక ఆ లక్షా పది వేలు సరిపోతాయో, ఇంకో పది పదిహేను వేలు సర్దాలో చెప్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.