పోటీ నుంచి తప్పుకున్నట్టు నాన్న గొంతుతో నకిలీ ఆడియో: ఎన్నిక రద్దవుతుందా?

ప్రశ్న: మా నాన్నగారు అసెంబ్లీ ఉప ఎన్నికలో 1,140 ఓట్ల తేడాతో ఓడిపోయారు. పోలింగ్ రోజు తెల్లవారుజామున ఆయన గొంతుతో ఒక ఆడియో వాట్సాప్‌లో తిరిగింది. ‘నేను పోటీ నుంచి తప్పుకుంటున్నాను, నా ఓట్లు ఫలానా వారికి వేయండి’ అని అందులో ఉంది. ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు. అది నకిలీదని ఎనిమిదింటికల్లా వీడియో పెట్టారు, రిటర్నింగ్ అధికారికి ఫిర్యాదు కూడా ఇచ్చారు. 30 ఏళ్లు జనంలో తిరిగిన మనిషి ఇప్పుడు గడప దాటడం లేదు. కోపంతో నేను గ్రూపులన్నీ వదిలేసి చాట్లు డిలీట్ చేశాను. మిగిలిన ఒక్క స్క్రీన్‌షాట్‌లో పంపినవాళ్ల నంబరు లేదు. నంబరు కనిపించేలా మళ్లీ తయారుచేసి ఇస్తానని మా బాబాయి కొడుకు అంటున్నాడు. గెలిచినాయన ఎలక్షన్ ఏజెంటే తొమ్మిదిన్నరకి దాన్ని బూత్ కార్యకర్తల గ్రూపులో పెట్టారట. అది తన ఫోన్‌లో ఇంకా ఉందని పక్కింటాయన చెబుతున్నారు. ఫలితం వచ్చి 26 రోజులైంది. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరగా రాసిన పక్కింటాయన మాటే మీ కేసు. మిగతాదంతా దాని తర్వాతే.

ఆడియో నకిలీదని రుజువు చేసినంత మాత్రాన ఎన్నిక రద్దు కాదు. దాన్ని ఎవరు ప్రచారం చేశారన్నదే ప్రశ్న. అభ్యర్థి వ్యక్తిగత నడవడి గురించి గానీ, ఆయన పోటీలో ఉన్నారా తప్పుకున్నారా అన్న దాని గురించి గానీ, గెలుపు అవకాశాలు దెబ్బతినేలా అబద్ధపు ప్రకటన చేయడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని సెక్షన్ 123(4) ‘కరప్ట్ ప్రాక్టీస్’ అంటుంది. ఆ పని గెలిచిన అభ్యర్థి గానీ, ఆయన ఎలక్షన్ ఏజెంటు గానీ, వారి సమ్మతితో మరొకరు గానీ చేసినట్టు తేలితే సెక్షన్ 100(1)(బి) కింద ఎన్నిక చెల్లదు. అప్పుడు 1,140 ఓట్ల తేడాతో పని లేదు.

అదే ఎవరో ఊరూపేరూ లేని కార్యకర్త చేశాడంటే, దానివల్ల ఫలితమే మారిపోయిందని కూడా మీరు రుజువు చేయాలి. ఎలా చేస్తారు? ఎవరికి ఓటేశారో చెప్పమని ఏ సాక్షినీ బలవంతపెట్టకూడదని సెక్షన్ 94 చెబుతోంది. ఈ దారిలో వెళ్లి గెలవడం దాదాపు అసాధ్యం. ఏజెంటు ఆ గ్రూపు అడ్మిన్ అన్న మాట కూడా చాలదు. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని బాంబే హైకోర్టు 2021లో చెప్పింది. ఏజెంటు తన నంబరు నుంచి తానే పెట్టాడని తేలాలి.

ఇంకో మెలిక ఉంది. అది అబద్ధమని అతనికి తెలుసని, లేదా నిజమని అతను నమ్మలేదని చూపాలి. ఇక్కడ మీ నాన్నగారు చేసిన మంచి పని అక్కరకొస్తుంది. ఆయన ఖండన ఎనిమిదింటికి బయటికొచ్చింది, ఏజెంటు పోస్టు తొమ్మిదిన్నరకి పడింది. ఆ గంటన్నరే మీ బలం. రిటర్నింగ్ అధికారికి ఇచ్చిన ఫిర్యాదుకు అందినట్టు రసీదు, వీడియో పెట్టిన సమయం, రెండూ ఈరోజే తీసి పెట్టుకోండి.

ఇప్పుడు గడువు. గెలిచినట్టు ప్రకటించిన తేదీ నుంచి 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. 46వ రోజు వెళ్లి ఆరోగ్యం బాగాలేదన్నా, నాన్న కుంగిపోయారన్నా కోర్టు వినదు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించే వెసులుబాటు ఎన్నికల పిటిషన్లకు లేదని సుప్రీంకోర్టు 1974లోనే తేల్చేసింది. మీకు మిగిలింది 19 రోజులు. నాన్నగారికి ఓపిక లేకపోతే, ఆ నియోజకవర్గంలో మీకు ఓటు ఉంటే, ఓటరుగా మీరే వేయవచ్చు.

చాట్లు డిలీట్ చేయడం క్షమించరాని అజాగ్రత్త. కోపం వస్తే ఫోన్ పక్కన పెట్టండి, సాక్ష్యాన్ని చెరిపేస్తారా? కానీ మీ బాబాయి కొడుకు సలహా అంతకంటే ప్రమాదం. నంబరు చేర్చి స్క్రీన్‌షాట్ తయారుచేయడమంటే తప్పుడు సాక్ష్యం సృష్టించడం. కోర్టు విచారణలో వాడేందుకు అలా చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద 7 ఏళ్ల వరకు జైలు. అది బయటపడ్డ రోజున పక్కింటాయన ఫోన్‌లోని అసలు ఆడియోను కూడా ఎవరూ నమ్మరు. నకిలీ గొంతుతో జనాన్ని మోసగించారని కోర్టుకెక్కుతూ నకిలీ కాగితం పట్టుకెళ్తారా? ఆ స్క్రీన్‌షాట్ ఆలోచన ఇక్కడితో వదిలేయమనండి.

పక్కింటాయన ఆ ఫోన్‌ను అమ్మకూడదు, రీసెట్ చేయకూడదు. ఆ గ్రూపు నుంచి బయటికి రాకూడదు. మెసేజీలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉందేమో ఇవాళే చూడమనండి. ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, పంపిన నంబరు, సమయం కనిపించేలా వీడియో తీయించండి. ఆడియో ఫైలుకు డిజిటల్ ఫోరెన్సిక్ నిపుణుడితో హాష్ వాల్యూ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె, తీయించండి. ఫైలులో ఏ కాస్త మారినా ఆ అంకె మారిపోతుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్‌లో పార్ట్ ఎ ఫోన్ యజమాని, పార్ట్ బి నిపుణుడు సంతకం చేయాలి. 2014లో అన్వర్ వర్సెస్ బషీర్ కేసులో ప్రచార పాటలు, ప్రసంగాల సీడీలు సర్టిఫికెట్ లేకపోవడంతో పనికిరాకుండా పోయాయి. అది కూడా ఎన్నికల పిటిషనే. అసలు ఫోన్‌నే కోర్టుకు తెచ్చి యజమాని బోనెక్కితే సర్టిఫికెట్ అక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు మాత్రం రెండూ సిద్ధం చేసుకోండి. పక్కింటాయన సాక్ష్యానికి వస్తానంటేనే ముందుకెళ్లండి. ఆ నంబరు ఏజెంటుదేనని తేల్చడానికి టెలికాం కంపెనీ రికార్డులు తెప్పించమని కోర్టును కోరవచ్చు.

పిటిషన్‌లో ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ గ్రూపులో పెట్టారో విడివిడిగా రాయాలి. కరప్ట్ ప్రాక్టీస్ ఆరోపణకు ఫారం 25లో అఫిడవిట్ జతచేయాలి. ₹2,000 డిపాజిట్ కట్టాలి, అది లేకపోతే పిటిషన్ అక్కడే కొట్టేస్తారు. నాన్నగారినే గెలిచినట్టు ప్రకటించమని అడగవద్దు. అలా అడిగితే పోటీ చేసినవాళ్లందరినీ పార్టీలుగా చేర్చాలి, రుజువు భారమూ పెరుగుతుంది. ఎన్నిక చెల్లదని ప్రకటించమంటే చాలు.

పోలీసు కేసు వేరే దారి. ఎన్నికల్లో తప్పుడు ప్రకటనకు న్యాయ సంహిత సెక్షన్ 175 ఉంది గానీ, అది వ్యక్తిగత నడవడి గురించే, శిక్ష జరిమానాయే. పోటీ నుంచి తప్పుకున్నారన్న అబద్ధానికి ఐటీ చట్టం 66డి (మరొకరిలా నటించి మోసగించడం), న్యాయ సంహిత 336 (ఫోర్జరీ) కింద ఫిర్యాదు ఇవ్వండి. ఎఫ్ఐఆర్ అయిందని 45 రోజుల లెక్క ఆగదు.

పోలింగ్ రోజు పొద్దున పుట్టిన ఇలాంటి అబద్ధం మీ నాన్నగారి ఓట్లనే తీసుకోలేదు. క్యూలో నిలబడ్డ మనిషికి తాను కోరుకున్న అభ్యర్థే లేడని నమ్మించి, అతని ఎంపికను లాక్కుంది. అందుకే ఈ పిటిషన్ వేయదగ్గదని నా అభిప్రాయం. రేపు ఉదయం పక్కింటాయన్ను, ఆయన ఫోన్‌ను వెంటబెట్టుకుని హైకోర్టులో ఎన్నికల పిటిషన్లు వాదించిన న్యాయవాది దగ్గరికి వెళ్లండి.