టర్బో బండి కొంటున్న మా అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ కారు బుక్ చేశావంట గదా, అదీ 1.5 టర్బో, మాన్యువల్. పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి "నీ పిచ్చే వాడికీ పట్టింది, నువ్వే చెప్పుకో" అని నామీద పడింది. ఫోన్ పెట్టేశాక గుండె కాసేపు దడదడలాడింది. ఆ తర్వాత టీ అంగడి కాడికి పోయి, మా అల్లుడు సొంత సంపాదనతో కొంటున్నాడని నలుగురికీ చెప్పుకునే వచ్చాననుకో.

ఇన్సూరెన్సు, టైర్లలో గాలి నీకు నేను చెప్పేదేముంది. సీటు బెల్టు మాత్రం వెనక కూర్చున్నోళ్ళు కూడా పెట్టుకోవాల్సిందే.

నాకున్న భయమల్లా ఓవర్‌టేకింగే. 2003లో నేను తోలిన హోండా సిటీ వీటెక్ గుర్తుందా, టర్బో లేని బండి. కాలు ఎంత నొక్కితే అంత, నొక్కిన క్షణంలోనే. ఆర్‌పీఎం, అదే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, పెరిగేకొద్దీ గొంతు మారి, పైకి పోయేకొద్దీ ఇంకా లాగేది. నా కాలికి ఆ లెక్క అలవాటైపోయింది. అట్లాంటోణ్ణి ఒకరోజు స్నేహితుడి టర్బో డీజిల్ తీసుకుని పొదిలి నుంచి ఒంగోలు వస్తున్నా. చీమకుర్తి దాటాక ముందు గ్రానైట్ లారీ. గొలుసులతో కట్టిన నల్లరాయి, దానిమీద ఎర్ర పెయింటుతో నంబరు. మూడో గేర్, 1400 ఆర్‌పీఎం. కుడికి తీసి కాలు అదిమా. ఏమీ లేదు! ఇంజన్ వదిలే పొగ తిప్పితేనే కదా టర్బో తిరిగేది, అప్పుడే కదా గాలి లోపలికి తోసేది. కింద ఆర్‌పీఎంలో ఆ పొగకి అంత బలమెక్కడిది. కిటికీ పక్కనే రాయి, నంబరు చదవగలిగేంత దగ్గర, ఎదురుగా ఆర్టీసీ బస్సు లైట్లు కొడతా ఉంది. ఇక వెనక్కి తగ్గుదామని అనుకునే సరికి టర్బో వచ్చింది చూడు, వెనక నుంచి ఎవడో తన్నినట్టు! ముందుకీ పోలేను, వెనక్కీ రాలేను. ఆ లారీ డ్రైవరు మట్టి మార్జిన్లోకి దింపబట్టి బతికాం. మా కుడి అద్దం బస్సుకి తగిలి పగిలిపోయింది. చింతచెట్టు కింద ఆపితే ఆయన దిగొచ్చాడు, తిడతాడనుకున్నా, నీళ్ళ సీసా ఇచ్చి "బండి కొత్తా సార్?" అన్నాడు. వెనక సీట్లో మీ అమ్మ, ఒళ్ళో నువ్వు నిద్రపోతా ఉన్నావు. ఇప్పటికీ నేను ఓవర్‌టేక్ చేస్తుంటే మీ అమ్మ నా భుజం పట్టుకుంటుందే, అది అప్పటి నుంచే.

నీ బండి అట్లాంటిది కాదని తెలుసులే. 1600 ఆర్‌పీఎంకే 250 ఎన్ఎం టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇస్తుంది. అయినా ఏ గేర్లో ఎక్కడ పట్టుకుంటుందో నీ కాలికి తెలిసేదాకా, ఒక గేర్ దించకుండా లారీ పక్కకి పోయావంటే చెవి మెలేస్తా. సరదా అంటావా, అది వేరే సంగతి. ఫెరారీ కూడా 2015లో 458ని ఆపి టర్బో పెట్టిన 488 తెచ్చింది, పవర్ 570 నుంచి 670 హార్స్‌పవర్‌కి పోయింది, కానీ 9000 ఆర్‌పీఎం దాకా అరిచే ఇంజన్ 8000 దగ్గరే ఆగింది. వేగం పెరిగింది, నిజమే. ఆ చివరి వెయ్యి కోసమే కదరా నాలాంటోళ్ళు కాలు తియ్యంది! నీకు కింది నుంచే తోసే బలం నచ్చితే అదీ తప్పు కాదు.

మన సిటీ షెడ్డులోనే ఉంది, కొత్త బ్యాటరీ వేయించా. నీ బండి వచ్చాక రెండూ తీసుకుని తెల్లారి దోర్నాల ఘాట్‌కి పోదాం. పోయేటప్పుడు సిటీ నువ్వు తోలు, నీది నేను తోలతా. మీ అమ్మకి శ్రీశైలం దర్శనానికని చెప్పు.

మీ మామ