గంటల లెక్క పనికి ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: అనంతపురం కోర్టులో నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. సీనియర్ గారి దగ్గర వచ్చేది ఆటో చార్జీలకే సరిపోతోంది. కంపెనీలకు అవసరమైనప్పుడు న్యాయవాదులను సమకూర్చే బెంగళూరు ఏజెన్సీ ఒకటి నన్ను పిలిచింది. గాలిమరల కంపెనీ కోసం మన జిల్లా భూముల హక్కు పత్రాలు చూసి నివేదిక రాయాలట. ఇంటి నుంచే పని, గంటల లెక్కన డబ్బు. ‘ఇది ప్రాక్టీసు కాదు, కాగితాల పని. బార్ కౌన్సిల్‌తో సంబంధం లేదు’ అంటున్నారు. మా వారికేమో ఎన్‌రోల్‌మెంట్ (న్యాయవాదిగా నా నమోదు) పోతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, అనంతపురం

జవాబు: ఒప్పుకోండమ్మా. అయితే వాళ్లు చెప్పిన ఆ మాట నమ్మి మాత్రం ఒప్పుకోకండి. కోర్టులో వాదించడం ఒక్కటే ప్రాక్టీసు కాదు, అభిప్రాయం ఇవ్వడం, దస్తావేజులు రాయడం కూడా ప్రాక్టీసేనని విదేశీ న్యాయ సంస్థల కేసులో సుప్రీంకోర్టు 2018 మార్చిలోనే తేల్చింది. కాబట్టి మీరు ఇంట్లో కూర్చుని పని చేసినా న్యాయవాదే, బార్ కౌన్సిల్ నియమాలన్నీ వర్తిస్తాయి.

మీ వారి భయానికి మూలం 49వ నియమం. ప్రాక్టీసు చేస్తున్నంత కాలం పూర్తికాలపు జీతం ఉద్యోగం కూడదంటుంది అది. పనికి ఇంత అని ఫీజు తీసుకోవడాన్ని కాదనదు. తేడా అంతా ఒప్పందపు భాషలో ఉంటుంది. నెలకు ఇంత, సెలవులు ఇన్ని, మరెవరి పనీ చేయరాదు, ఉదయం తొమ్మిదికల్లా లాగిన్ కావాలి అని రాసి ఉంటే, పైన ‘ఫ్రీలాన్స్’ అని ఎంత పెద్ద అక్షరాల్లో వేసినా అది ఉద్యోగమే. పన్ను కోత కూడా గమనించండి. వృత్తి ఫీజు కింద పది శాతం కోశారా, జీతం కింద కోశారా? పీఎఫ్ కూడా పట్టుకున్నారంటే ఇక అనుమానమే అక్కర్లేదు. న్యాయవాది కాని వారితో ఫీజు పంచుకోకూడదన్న నియమం కూడా ఉంది. ఏజెన్సీ తన సేవా రుసుమును కంపెనీ దగ్గర విడిగా తీసుకోవాలి, మీ బిల్లు మీ పేరున పూర్తి మొత్తానికి ఉండాలి.

అసలు చిక్కు వేరే చోట ఉంది. మన భూముల సంగతి బెంగళూరు వాళ్లకేం తెలుసు? అడంగల్ (సాగు రికార్డు), 1బి (హక్కుదారుల వివరాలు), ఈసీ (రిజిస్ట్రేషన్ లావాదేవీల ధ్రువపత్రం) స్కాన్ చేసి పంపి ‘సర్వే నంబరుకు రెండు గంటలు’ అంటారు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాల్సిందే. ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, పాత భూమి రికార్డు) నకలు తెప్పించి చూస్తే ఒక నంబరుకు పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలుంటాయి. అలాంటి చుక్కల భూముల కోసమే 2017లో ఒక చట్టం తెచ్చారు. ఇంకో నంబరు డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి) అవుతుంది, దాని అమ్మకానికి 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డు రావచ్చు. మరొకటి రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో తేలుతుంది. ఇవి చూడకుండా ‘హక్కు నిర్దుష్టం’ అని రాస్తే రేపు అడిగేది ఏజెన్సీని కాదు, కింద సంతకం పెట్టిన మిమ్మల్ని. రికార్డు రూము తాళాలున్న మనిషి భోజనానికి వెళ్లి మూడింటికి వస్తే ఆ సమయం ఎవరి లెక్కలోకి వస్తుంది? ఆఫీసుల చుట్టూ తిరిగే పనికి వేరే రేటు అడగండి. సిగ్గుపడకండి, మీ దగ్గర వాళ్లు కొనుక్కునేది ఆ తిరుగుడే. నేను ఏ కాగితాలు చూశాను, ఏవి ఇవ్వలేదు అన్నది నివేదిక మొదటి పేజీలోనే రాయండి. నష్టం వస్తే మొత్తం మీరే భరించాలన్న షరతు ఉంటే, తీసుకున్న ఫీజుకు మించి బాధ్యత లేదని మార్పించండి. ‘క్లయింటు మాకిచ్చాకే మీకు’ అన్న వాక్యాన్ని కొట్టేయించండి. మా బార్‌లో ఒక కుర్రవాడి బిల్లు ఆ వాక్యం పుణ్యాన ఉగాదికి మొదలై దీపావళికి కూడా రాలేదు.

చివరిగా, ఫైలు తెరవక ముందే కంపెనీ పేరు, గ్రామం, సర్వే నంబర్లు అడగండి. ఏజెన్సీలు క్లయింటు పేరు చెప్పడానికి నసుగుతాయి. ఆ గాలిమరల కంపెనీ మీదే మీ సీనియర్ గారు ఒక రైతు తరఫున దావా వేసి ఉంటే? ఆ ప్లెయింటు (దావా పత్రం) మీరే రాసి ఉంటే? ఒక పక్షానికి పని చేసి అదే వ్యవహారంలో ఎదుటి పక్షానికి పని చేయకూడదని 33వ నియమం. సీనియర్ గారికి కూడా ముందే చెప్పేయండి. మన ఊళ్లో ఇలాంటివి సాయంత్రానికల్లా బార్ రూములో తెలిసిపోతాయి.

ప్రశ్న: ఏజెన్సీ వాళ్లు నా ఫొటో పెట్టి, నక్షత్రాలు వేసి ‘టాప్ లాయర్’ అని ప్రచారం చేస్తామంటున్నారు. సరేననవచ్చా?
- న్యాయవాది, హిందూపురం

జవాబు: వద్దు. 36వ నియమం ప్రచారాన్ని నిషేధిస్తుంది. 2008 సవరణ ప్రకారం వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఫోను, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువు, ఏ రంగంలో ప్రాక్టీసో పెట్టుకోవచ్చు, అంతే. ఇలా ఆన్‌లైన్‌లో కేసులు రాబట్టుకునే వారిపై చర్యలు తీసుకోవాలని మద్రాసు హైకోర్టు 2024 జూలైలో బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. నక్షత్రాలు వద్దని వారికి లిఖితంగా తెలియజేసి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.