రీకాల్ వచ్చిందంటే ఆ కంపెనీ కారు ఇక కొనకూడదా?

రీకాల్ (లోపమున్న కార్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయడం) అనగానే టెన్షన్ పడి బ్రాండ్ మార్చేయనక్కర్లేదు. లోపం తెలిశాక కంపెనీ ఎంత త్వరగా నోరు విప్పిందో చూడండి.

అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ సంగతే తీసుకోండి. దాని కొన్ని కార్లలో తాళాల గుత్తి బరువుకో, రోడ్డు కుదుపుకో ఇగ్నిషన్ స్విచ్ (తాళం తిప్పి బండి ఆన్ చేసేది) ఆన్ నుంచి జారిపోయేది. నడుస్తున్న బండిలో ఇంజన్ ఆగి, స్టీరింగ్ బరువెక్కి, గుద్దుకున్నా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. కంపెనీలో కొందరికి ఏళ్లుగా తెలిసినా రీకాల్ 2014లో గానీ రాలేదు. 124 మరణాలకు పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. నమ్మకం పోవాల్సింది ఇలాంటి చోట.

బ్రాండ్ మార్చినా తప్పించుకుంటామన్న గ్యారంటీ లేదు. జపాన్ కంపెనీ తకాటా చేసిన ఎయిర్‌బ్యాగులు హోండా, టయోటా, ఫోర్డ్, బీఎండబ్ల్యూ అన్నింటి కార్లలోనూ ఉండేవి. ఏళ్ల తరబడి వేడికీ తేమకీ లోపల బ్యాగును ఉబ్బించే రసాయనం అమ్మోనియం నైట్రేట్ పాడై, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా పేలి ముక్కలు మనిషి మీదకే దూసుకొచ్చేవి.

నాకు ఎక్కువ భయం బ్రాండ్ వీరాభిమానులను చూస్తేనే. ‘పదేళ్లుగా నడుపుతున్నా, ఏమీ కాలేదు’ అని నోటీసు పక్కన పడేస్తారు. చాలా కార్లలో డాష్‌బోర్డు మీద, ముందు అద్దం అంచున మొత్తం 17 అంకెలు, అక్షరాలతో వీఐఎన్ (బండి గుర్తింపు సంఖ్య) ఉంటుంది. దాన్ని కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి. రీకాల్ రిపేరుకు మామూలుగా డబ్బు తీసుకోరు.